ఎముక రాతల కాలం పట్టుకోవాలంటే

చైనా షాంగ్ రాజుల నాటి ఎముక రాతలంటే, జోస్యం అడిగి ఆ సంగతి ఎముకల మీద చెక్కినవి. వాటి ఫొటోలు చూసేటప్పుడు అక్షరాల అందం సంగతి తర్వాత, ముందు జోస్యం చెప్పినవాడి పేరు వెతకండి. వాక్యం సాధారణంగా రోజు పేరుతో మొదలవుతుంది. తర్వాత నిలువు గీతకి పక్కన చిన్న కొమ్మలా ఉండే 'బు' (జోస్యం చూడటం) అక్షరం, ఆ వెనకే జోస్యుడి పేరు. బిన్, ఝెంగ్ లాంటి పేర్లుంటే అది వూ డింగ్ రాజు కాలం, అంటే సుమారు క్రీ.పూ. 1200. హువాంగ్ ఉంటే షాంగ్ చివరి రోజులు. షాంగ్‌ల చివరి రాజధాని ఉన్న అన్‌యాంగ్ తవ్వకాల్లో పనిచేసిన డాంగ్ జువోబిన్ 1933లో ఈ పేర్లనీ, మరికొన్ని ఆధారాలనీ పట్టుకునే రాతలను ఐదు దశలుగా విడగొట్టారు. ఎంత గొప్ప ఆలోచనో!

చాలా ముక్కల మీద పేరే ఉండదు. అప్పుడే చేతిరాత అక్కరకొస్తుంది. వూ డింగ్ నాటి రాతల్లో పెద్ద పెద్ద, ధీమాగా చెక్కిన అక్షరాలు ఎక్కువ. చివరి దశలో బియ్యపు గింజల్లా చిన్నగా, వరసగా ఉంటాయి. 'రాజు' అక్షరానికి మొదట్లో పైన అడ్డగీత లేదు, వూ డింగ్ కొడుకు జు జియా రాజు కాలంలో వచ్చింది. ఆ తర్వాత కూడా గీత లేని రూపం కనిపిస్తుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఇంకోటి, 'సూర్యుడు' అక్షరం చతురస్రంలా కనిపిస్తే కంగారుపడొద్దు. గట్టి ఎముక మీద కత్తితో గుండ్రంగా చెక్కడం కష్టం, అందుకే అలా కోణాలు తేలాయి.