కదలని వాటికి కేబుల్, కదిలే వాటికి వైఫై

మా అమ్మకు చూపు బాగా తగ్గింది. లోపలి గదిలో ఉన్న చిన్న స్పీకరే పగలంతా ఆవిడకు తోడు. పాత పాటలన్నీ నేను కంప్యూటరులో భద్రపరిచాను. ఆవిడ అడిగిన పాటను ఫోనులో వెతికి ఆ స్పీకరుకు పంపుతాం. కొన్ని నెలలపాటు రోజూ సాయంత్రమయ్యేసరికి పల్లవి అయిపోయి చరణం మొదలవుతుండగానే పాట తెగిపోయేది. "మళ్లీ ఆగిపోయిందిరా" అని అమ్మ పిలిచినప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమనేది. ఇరవై ఆరేళ్లు టెలిఫోన్ కేబుళ్లకు జాయింట్లు వేసినవాణ్ణి, ఇంట్లో పది అడుగుల దూరానికి పాట చేర్చలేకపోతే ఎలా అని పట్టుబట్టి కూర్చున్నాను. అప్పుడు చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను.

ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకోమని చాలామంది చెప్పారు. కానీ ఆ పాట మా కంప్యూటరు నుంచి మా స్పీకరుకే వెళుతోంది, ఇల్లు దాటి బయటికి పోవడమే లేదు. ఇక బయటి లైను వేగం పెంచితే ఒరిగేదేముంది? ఇబ్బందంతా ఇంటి లోపల ఉంది. టీవీ, సెట్ టాప్ బాక్సు, సౌండ్ బార్, మా అబ్బాయి గేమ్ కన్సోలు, పాటలున్న కంప్యూటరు, అమ్మ స్పీకరు, నాలుగు ఫోన్లు, అన్నీ వైఫై మీదే ఉండేవి. ఒక వైఫై ఛానెల్ (రూటరు వాడే తరంగాల దారి) మీద ఒక సమయంలో ఒక్కటే మాట్లాడగలదు, మిగతావి వంతు కోసం ఆగాలి. సాయంత్రం టీవీలో సినిమా, కన్సోలులో కొత్త ఆట డౌన్‌లోడ్ మొదలైతే స్పీకరు వంతు వచ్చేసరికి ఆలస్యమైపోయేది.

అందుకని నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఉన్నచోటు నుంచి కదలని ప్రతి వస్తువుకూ కేబుల్ వేయాలి. వైఫైని చేతిలో పట్టుకు తిరిగే వాటికి, కేబుల్ పెట్టే వీలే లేని వాటికి వదిలేయాలి.

ముందు ఒక కాగితం తీసుకుని ఏ వస్తువు ఏ గదిలో ఉందో, దాని వెనక నెట్‌వర్క్ పోర్ట్ ఉందో లేదో రాసుకోండి. ఫోను లైను ప్లగ్గు కన్నా కాస్త వెడల్పుగా, లోపల ఎనిమిది సన్నని పిన్నులతో ఉండేదే ఆ పోర్ట్. సౌండ్ బార్‌కు అది లేకపోతే బెంగపడకండి. టీవీ శబ్దం దానికి హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా వస్తుంది, నెట్‌వర్క్ మీద రాదు.

తరువాత ఐదు పోర్టుల గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల వేగం) నెట్‌వర్క్ స్విచ్ ఒకటి కొనండి. ఒక కేబుల్‌ను చాలా పరికరాలకు పంచే చిన్న పెట్టె అది. దీనికి సెట్టింగులు ఏమీ ఉండవు, కరెంటు ఇస్తే చాలు. దాన్ని టీవీ బల్ల వెనక పెట్టి, రూటరులో ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అని రాసి ఉన్న పోర్ట్ నుంచి ఒకే ఒక పొడవాటి కేబుల్ అక్కడికి లాగండి. ఐదింటిలో ఒక పోర్ట్ దానికి పోగా నాలుగు మిగులుతాయి. మా ఇంట్లో టీవీ, సెట్ టాప్ బాక్సు, కన్సోలు, కంప్యూటరు సరిగ్గా అందులో కుదిరిపోయాయి. కంప్యూటరులోని సినిమా టీవీలో చూసేటప్పుడు ఆ రాకపోకలు స్విచ్ దగ్గరే ముగిసిపోతాయి, రూటరు దాకా వెళ్లవు.

కేబుల్ విషయంలో మాత్రం తొందరపడకండి. నెట్‌వర్క్ కేబుళ్లకు క్యాట్ 5ఈ, దానికన్నా మెరుగైన క్యాట్ 6 అని రకాలున్నాయి. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోస్తుంది, ఇంటికి అది చాలు. గోడలో పూడ్చేస్తే మళ్లీ మార్చడం కష్టం కనుక అక్కడ క్యాట్ 6 వేయండి. పూర్తి రాగిదేనా అని అడిగి కొనండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుళ్లూ దొరుకుతాయి, వాటి వైర్లు వంచితే తేలిగ్గా విరుగుతాయి. చిన్న ముక్కలు ప్లగ్గులతో సిద్ధంగా దొరికేవే మేలు. పైపులోంచి లాగే పొడవాటి కేబుల్‌కు మాత్రం లాగిన తరువాతే ప్లగ్గులు వేయాలి.

ఆ పని ఇలా చేస్తాను. పైతొడుగును రెండు మూడు సెంటీమీటర్ల మేర, లోపలి వైర్లకు గాటు పడకుండా తీస్తాను. రెండేసి మెలివేసిన నాలుగు జతలు బయటపడతాయి. బయటి విద్యుత్ అలజడి సంకేతాన్ని పాడు చేయకుండా కాపాడేది ఆ మెలికే కాబట్టి అవసరానికి మించి విప్పను. ఎడమ నుంచి కుడికి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ వరుసలో పేర్చి, వేళ్ల మధ్య నొక్కి సాపు చేసి, చివరలన్నీ ఒకే గీతలో ఉండేలా ఒక్క కోతతో కత్తిరిస్తాను. మెలిక విప్పిన భాగం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. ప్లగ్గు క్లిప్పు కిందికి, నోరు నా వైపుకి ఉండేలా పట్టుకుని వైర్లను లోపలికి తోస్తాను. ఎనిమిది రాగి చుక్కలూ ప్లగ్గు ముందు గోడకు తగిలి కనిపించాలి, పైతొడుగు కూడా కొంత ప్లగ్గులోకి వెళ్లాలి. అప్పుడు క్రింపింగ్ టూల్‌తో (ప్లగ్గు పిన్నులను వైర్లలోకి దించే పట్టకారుతో) గట్టిగా నొక్కాలి. రెండో చివరా ఇదే వరుస.

ఇంత జాగ్రత్తపడినా నా మొదటి కేబుల్‌లో గోధుమ రంగు వైరు వెంట్రుకవాసి పొట్టిగా నిలిచిపోయింది. అన్నీ పనిచేశాయి, అందుకే వెంటనే తెలియలేదు. స్విచ్ మీద ఆ పోర్ట్ దీపం మిగతా వాటికంటే వేరే రంగులో వెలగడం చూసి అనుమానం వచ్చింది. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) వేగానికి రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఒక్క వైరు అందకపోయేసరికి ఆ కేబుల్ రెండు చివర్లలో ఉన్న పరికరాలూ 100కి దిగి సర్దుకున్నాయి. 50 జీబీ ఫైళ్లు కాపీ చేయడానికి గిగాబిట్ మీద ఏడెనిమిది నిమిషాలు పడితే, 100 మీద గంట దాటుతుంది. ఆ ప్లగ్గు కోసేసి కొత్తది వేశాను.

అయితే చాలా టీవీల పోర్ట్ వేగమే 100 ఎంబీపీఎస్. టీవీ దీపం ఒక్కటే తేడాగా ఉంటే కేబుల్‌ను నిందించకండి. ఇంటర్నెట్‌లో వచ్చే 4కె సినిమాకు 15 నుంచి 25 ఎంబీపీఎస్ సరిపోతుంది.

కేబుల్ పెట్టాక టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి అది నిజంగా కేబుల్ మీదకు మారిందో లేదో చూడండి. కొన్ని టీవీలు పాత వైఫైనే పట్టుకుని ఉంటాయి.

ఇప్పుడు చాలా ఇళ్లలో దెబ్బతినే చోటుకు వద్దాం. అమ్మ గదిలో సిగ్నల్ బలహీనంగా ఉందని అక్కడ రెండో రూటరు పెట్టాను. సిగ్నల్ నిండుగా వచ్చింది, కానీ హాలులో ఉన్న ఫోనుకు స్పీకరు కనబడడం మానేసింది. ఎందుకంటే రెండో రూటరు తనకంటూ వేరే నెట్‌వర్క్ తయారు చేసుకుంది. నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ అంకెల అడ్రసు ఒకటి ఉంటుంది. ఫోను అడ్రసు 192.168.1తో, స్పీకరు అడ్రసు 192.168.0తో మొదలవుతున్నాయి. "ఇక్కడ ఎవరెవరు ఉన్నారు?" అని ఫోను వేసే కేక తన నెట్‌వర్క్‌లోనే వినబడుతుంది, మధ్యలో ఉన్న రూటరు దాటి అవతలికి పోదు. ఇంట్లో అడ్రసులు పంచే పెద్ద ఒక్కరే ఉండాలి. రెండో రూటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ లేకుండా వైఫై మాత్రమే పంచేలా) పెట్టండి. ఆ సదుపాయం లేకపోతే దానిలో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేసి, దాని సొంత అడ్రసును మొదటి రూటరు వరుసలో ఖాళీగా ఉన్నదానికి మార్చి, కేబుల్‌ను వ్యాన్ (బయటి ఇంటర్నెట్ లైను) పోర్టులో పెట్టకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. గెస్ట్ వైఫై (అతిథుల కోసం వేరుగా ఇచ్చేది) మీద ఉన్న ఫోనుకు కూడా టీవీ, స్పీకరు సాధారణంగా కనబడవు. అడ్రసు 169.254తో మొదలైతే ఆ పరికరానికి ఎవరూ అడ్రసు ఇవ్వలేదని అర్థం, కేబుల్, రూటరు చూసుకోండి.

పాటలున్న కంప్యూటరుకు రూటరులో శాశ్వత అడ్రసు కేటాయించాను. లేకపోతే ఎప్పుడో ఒకసారి అడ్రసు మారి పాటల జాబితా మాయమవుతుంది.

ఇక మిగిలిన వైఫై. రూటరును టీవీ వెనక దాచకండి, ఎత్తులో, నలువైపులా ఖాళీగా ఉన్నచోట పెట్టండి. ఫోన్లను వైఫై తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు మార్చండి. స్పీకరు లాంటి చిన్న వస్తువులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, గోడలు దాటి దూరం వెళ్లేదీ అదే. అందులో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్లు 1, 6, 11. చుట్టుపక్కల వాళ్లు తక్కువగా వాడేది ఎంచుకోండి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ తరంగాల దగ్గరే నడుస్తుంది, స్పీకరును దానికి దూరంగా ఉంచండి.

ప్రతి కేబుల్ రెండు చివరలకూ పేరు రాసి అంటించండి. ఆరు నెలల తరువాత బల్ల వెనక టార్చి పట్టుకుని కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పని పూర్తయ్యాక అన్నీ ఒకేసారి నడిపి ఒక గంట పరీక్షించండి. మేమూ టీవీలో 4కె సినిమా పెట్టాం, మా అబ్బాయి ఆట డౌన్‌లోడ్ మొదలుపెట్టాడు, కంప్యూటరు నుంచి అమ్మకు పాట పంపాం. నేను ఆవిడ మంచం పక్కనే కూర్చున్నాను. పల్లవి అయింది, మొదటి చరణం, రెండో చరణం, మూడోది కూడా అయింది. అమ్మ నా వైపు తిరిగి తరువాత ఏ పాట కావాలో చెప్పింది.