పాఠం 4: అపాచీలో మాడ్యూల్ ఎక్కకుంటే

అపాచీ అంటే సైట్లను నడిపే వెబ్ సర్వర్, మాడ్యూల్ అంటే దానికి అదనపు పని నేర్పే ఫైలు. పోయిన పాఠంలో ఆ ఫైలును ఎక్కించే లోడ్‌మాడ్యూల్ లైన్ రాయడం చూశాం. ఆ లైన్ దగ్గరే సర్వర్ ఆగిపోతే ఏం చెయ్యాలన్నది ఈ పాఠం.

నల్లగొండ బత్తాయి ధరలు చూపే సైటు ఒకటుందనుకోండి. రాకీ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన కొత్త మెషీన్‌కు మారుస్తూ, పాతదాంట్లోని మాడ్యూల్ ఫైలును అట్లనే కాపీ కొట్టారు. తొందరపడి రీస్టార్ట్ చెయ్యకండి, నడిచే సైటు కూడా పడిపోతది. ముందు 'అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్' కొట్టండి, అది సర్వర్‌ను ఆపకుండానే సెట్టింగులు పరీక్షిస్తది. ఇట్లాంటి లైను వస్తది:

'కెనాట్ లోడ్ మాడ్యూల్స్/మాడ్_ప్రాక్సీ_హెచ్‌టీఎంఎల్.ఎస్ఓ ఇన్‌టూ సర్వర్: లిబ్‌ఎక్స్‌ఎంఎల్2.ఎస్ఓ.2: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'

చాలామంది మొదటి పేరు చూసి మాడ్యూలే లేదనుకుని మళ్లీ కాపీ చేస్తారు. ఎన్నిసార్లు చేసినా అదే పాట. చూడాల్సింది 'ఇన్‌టూ సర్వర్' తర్వాతి పేరు. అక్కడ మాడ్యూల్ పేరే మళ్లీ వచ్చి 'నో సచ్ ఫైల్' అంటే ఆ ఫైలు లేనట్టు, లేదా దారి తప్పు రాసినట్టు. ఇక్కడ వేరే పేరుంది. అంటే మాడ్యూల్ ఉంది, దానికి కావలసిన లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైలు) లేదు. బోరు ఎత్తిపోయకుంటే మోటరు విప్పేముందు ఫేజులు చూసినట్టే, మాడ్యూల్ ఫైలు మీద 'ఎల్‌డీడీ' నడపండి, దానికి ఏ లైబ్రరీలు కావాలో చూపిస్తది. 'నాట్ ఫౌండ్' అన్న లైన్లన్నీ తేవాల్సిన సామాన్ల చీటీ. ఇక్కడైతే 'డీఎన్‌ఎఫ్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎక్స్‌ఎంఎల్2' చాలు. లైబ్రరీని మీరే కంపైల్ చేసి యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో పెట్టుకుంటే, ఆ దారిని ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీలో ఒక ఫైలులో రాసి 'ఎల్‌డీకాన్ఫిగ్' కొట్టాలి, అప్పుడే సిస్టమ్‌కు ఆ దారి తెలుస్తది.

'గార్బుల్డ్, ఎక్స్‌పెక్టెడ్ సిగ్నేచర్ 41503234' అని వస్తే వెర్షన్ తేడా. ఆ హెక్స్ అంకెలను రెండేసి విడదీసి ఆస్కీలో (అక్షరానికో నంబరిచ్చే పట్టిక) చదవండి: ఏ, పీ, 2, 4. సర్వర్ 2.4 అన్నమాట. అదే లైన్లో 'బట్ సా' తర్వాత 41503232 ఉంటే మాడ్యూల్ 2.2ది. దాన్ని బాగుచేసే మార్గం లేదు, మాడ్యూళ్లు కట్టే 'ఏపీఎక్స్ఎస్'తో సోర్స్ నుంచి మళ్లీ కట్టాల్సిందే.

అసలు తికమక పెట్టేది ఎస్ఈలినక్స్, అంటే లినక్స్‌లో ఫైళ్ల మీది లేబుళ్లు చూసి అనుమతిచ్చే కాపలాదారు. కాన్ఫిగ్‌టెస్ట్ 'సింటాక్స్ ఓకే' అంటది, 'సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్' మాత్రం 'పర్మిషన్ డినైడ్' అంటది. ఫైలు పర్మిషన్లు చూస్తే 755, సక్కగనే ఉంటాయి. 'ఎల్ఎస్ -జెడ్' కొడితే 'యూజర్_హోమ్_టీ' కనబడుతుంది, అది హోమ్ ఫైళ్ల లేబుల్. హోమ్ నుంచి 'ఎంవీ'తో జరిపితే పాత లేబుల్ వెంటే వస్తది, 'సీపీ' చేస్తే రాదు. ఎస్ఈలినక్స్‌నే బంద్ పెట్టకండి, ఆ ఫైలు మీద 'రీస్టోర్‌కాన్ -వీ' చాలు, సరైన లేబుల్ తిరిగి పెడుతది.

అభ్యాసం: టెస్ట్ మెషీన్‌లో ఒక మాడ్యూల్‌ను హోమ్‌కు కాపీ చేసి, 'ఎంవీ'తో వెనక్కి తెచ్చి, 'కాన్ఫిగ్‌టెస్ట్', 'సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్' జవాబులూ పక్కపక్కన రాసుకోండి.