పన్ను మినహాయింపు ఎవరి జేబులోకి పోతోంది? లెక్క తేల్చే పద్ధతి

అమెరికాలో ఏ డిడక్షన్ మీద రగడ మొదలైనా, అర్హులెవరని కాదు, ఎవరికి ఎన్ని డాలర్లు మిగులుతున్నాయని చూడాలి.

ముందు అది క్రెడిటో డిడక్షనో తేల్చుకోండి. క్రెడిట్ కట్టాల్సిన పన్నులోంచే నేరుగా పోతుంది. డిడక్షన్ పోయేది ఆదాయంలోంచి. కాబట్టి 1,000 డాలర్ల డిడక్షన్ 12 శాతం స్లాబులో 120 మిగిలిస్తే, 32 శాతం స్లాబులో 320 మిగిలిస్తుంది.

తర్వాత స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చుల లెక్క చూపకుండానే ఆదాయంలోంచి తీసేసుకోగల స్థిర మొత్తం. వాదనలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. 2025కి దంపతులకు అది 31,500 డాలర్లు. ఇంటి అప్పు వడ్డీ 14,000, రాష్ట్ర, ఆస్తి పన్నులు 9,000, విరాళాలు 3,000 ఉన్న కుటుంబానికి మొత్తం 26,000 అయింది. అది 31,500 కంటే తక్కువే కనుక ఇక ఐటమైజ్ చేయడం (ఖర్చులు విడివిడిగా చూపి డిడక్షన్ అడగడం) దండగ. కాగితం మీద అర్హులే, చేతికొచ్చేది సున్నా.

ఇప్పుడు 4.8 లక్షల ఆదాయమున్న దంపతులను తీసుకోండి. వడ్డీ 30,000, విరాళాలు 5,000, రాష్ట్ర, ఆస్తి పన్నులు 45,000. 2017 చట్టం సాల్ట్‌కు (రాష్ట్ర, స్థానిక పన్నుల డిడక్షన్‌కు) పెట్టిన 10,000 పరిమితిలో వీరి డిడక్షన్లు 45,000 దగ్గరే ఆగేవి. 2025 చట్టం దాన్ని 40,000 చేసింది కనుక 75,000 అయ్యాయి. పెరిగిన 30,000 మీద 32 శాతం, అంటే 9,600 డాలర్ల ఆదా. మొదటి కుటుంబానికి ఈ మార్పుతో ఒక్క సెంటూ రాలేదు.

అలాగని ఇది కుబేరులకే అనడమూ తప్పే. 2025 లెక్కలో ఆదాయం 5 లక్షలు దాటాక ప్రతి అదనపు డాలరుకూ 30 సెంట్ల చొప్పున పరిమితి తగ్గి, 6 లక్షల దగ్గర మళ్లీ 10,000కి దిగుతుంది. ఇందులోనూ ఒక సందు ఉంది: భాగస్వామ్య సంస్థల యజమానులు చాలా రాష్ట్రాల్లో సంస్థ పేరు మీదే రాష్ట్ర పన్ను కట్టించి ఆ పరిమితి నుంచి తప్పించుకుంటారు.

పార్టీ రంగు చూసి తీర్పు చెప్పకండి. 2021లో పరిమితిని 80,000కి పెంచే బిల్లును ప్రతినిధుల సభలో నెగ్గించింది డెమొక్రాట్లు (అది చట్టం కాలేదు). 2025లో పెంచింది రిపబ్లికన్లు. పన్నులెక్కువున్న రాష్ట్రాల సభ్యులు రెండు వైపులా ఉన్నారు మరి.

చివరగా శాతాల గారడీ. "అందరికీ పన్ను 10 శాతం తగ్గింది" అంటే 2,000 కట్టేవారికి 200, రెండు లక్షలు కట్టేవారికి 20,000. పన్ను పోగా చేతిలో మిగిలే ఆదాయం ఎంత శాతం పెరిగిందో చూపే పట్టిక అడగండి.