బెర్లిన్‌కి కొత్తగా వచ్చారా? అన్మెల్డుంగ్ ఇలా చేయించుకోండి

అన్మెల్డుంగ్ అంటే మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ప్రభుత్వ రికార్డుల్లో పేరు ఎక్కించుకోవడం. జర్మనీలో ఇది చట్టం. 2015 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న బుండెస్‌మెల్డెగెజెట్స్ అనే నివాస నమోదు చట్టం ప్రకారం ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు నమోదు చేయించుకోవాలి. లేదంటే 1000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు. నమోదుకి ఫీజు మాత్రం లేదు.

జరిమానా సంగతి అలా ఉంచండి. ఈ నమోదు కాకపోతే పన్ను నంబరు రాదు, పన్ను నంబరు లేకపోతే జీతంలో కోత ఎక్కువ పడుతుంది, చాలా బ్యాంకుల్లో ఖాతా తెరవడం కష్టం, రెసిడెన్స్ పర్మిట్‌కి పెట్టే కాగితాల్లో ఒకటి తక్కువవుతుంది. అందుకే బెర్లిన్ వస్తున్నామని ఫోన్ చేసే ప్రతివాళ్లకీ నేను ముందుగా చెప్పే మాట ఒకటే: ఇల్లు చూసుకునేటప్పుడే అన్మెల్డుంగ్ కుదురుతుందా అని అడగండి. అద్దె ఎంత, రైల్వే స్టేషన్ ఎంత దూరం అన్నవి ఆ తర్వాత.

ఓనర్ సంతకంతోనే మొదలు

నమోదుకి ప్రాణం లాంటి కాగితం ఒకటుంది. పేరు నోరు తిరగదు గానీ నేర్చుకోక తప్పదు: వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. ఇల్లు ఇచ్చినవాళ్లు, ఫలానా వాళ్లు ఫలానా తేదీన మా ఇంట్లో చేరారు అని సంతకం పెట్టి ఇచ్చే ఒక్క పేజీ. ఓనర్ పేరు, చిరునామా, మీరు చేరిన తేదీ, ఇంటి చిరునామా, చేరిన అందరి పేర్లు అందులో ఉండాలి. భార్యాపిల్లలతో వస్తే వాళ్ల పేర్లూ రాయించండి. మీ ఒక్కరి పేరే ఉంటే మళ్లీ ఓనర్ చుట్టూ తిరగాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అద్దె అగ్రిమెంట్ ఉంది కదా, అది చాలదా అనుకుంటారు. చాలదు. ఇరవై పేజీల అగ్రిమెంట్, ప్రతి పేజీ మీదా సంతకాలతో పట్టుకెళ్లినా, ఈ ఒక్క పేజీ లేకపోతే కౌంటర్ దగ్గరనుంచి వెనక్కి పంపేస్తారు. తాళాలు చేతిలో పెట్టే రోజునే ఇది కూడా అడిగి తీసుకోవడం మేలు.

మీరు ఒకరి ఫ్లాట్‌లో గది తీసుకుని ఉంటే, మీకు గది ఇచ్చిన అసలు అద్దెదారే సంతకం పెట్టొచ్చు. ఇల్లు ఇచ్చినవాళ్లు ఈ కాగితం ఇచ్చి తీరాలని చట్టమే చెబుతోంది. ఇవ్వనంటే ఆ విషయం వెంటనే నమోదు ఆఫీసుకి తెలియజేయాలి, అది మీ బాధ్యత. కొన్ని ప్రకటనల్లో అన్మెల్డుంగ్ లేదు అని ముందే రాసేస్తారు. కొత్తగా దేశంలో అడుగుపెట్టిన వాళ్లు అలాంటి గది ఎంత చవకగా వచ్చినా వద్దనుకోవడమే మంచిది. ఇంకో రకం మనుషులున్నారు: ఇల్లు ఇవ్వరు, డబ్బు తీసుకుని చిరునామా మాత్రం ఇస్తారు. మీరు నిజంగా నివసించని ఇంటి చిరునామా అలా ఇవ్వడానికి 50,000 యూరోల దాకా జరిమానా ఉంది. ఆ వ్యవహారం జోలికి వెళ్లొద్దు.

అపాయింట్‌మెంట్ దొరకడం

నమోదు జరిగే చోటు బ్యూర్గరామ్ట్, అంటే పౌరసేవల ఆఫీసు. బెర్లిన్‌లో 12 జిల్లాలున్నాయి, వాటిలో ఏ బ్యూర్గరామ్ట్‌కైనా వెళ్లొచ్చు. మీరుండేది నాయ్‌కోల్న్ అయినా ష్పాండావ్‌లో అపాయింట్‌మెంట్ దొరికితే వదలకండి. సర్వీస్ డాట్ బెర్లిన్ డాట్ డీఈ సైట్‌లో నివాస నమోదు సేవను ఎంచుకుని, నగరం మొత్తం మీద వెతకమని అడగాలి. ఫోన్‌లో అయితే 115.

నిజం చెప్పాలంటే మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదే. క్యాలెండర్‌లో ఏ తేదీ చూసినా ఖాళీ ఉండదు. కానీ ఎవరో ఒకరు రద్దు చేసుకుంటూనే ఉంటారు, ఆ ఖాళీలు అప్పటికప్పుడు కనబడతాయి. ఆఫీసులు తెరిచే వేళకి, ఉదయాన్నే, పేజీని మళ్లీ మళ్లీ తెరిచి చూడండి. రెండు వారాల తర్వాతి తేదీ దొరికినా బుక్ చేసేయండి. గడువులోపే ప్రయత్నం చేశారని చూపించడానికి ఆ బుకింగ్ మెయిల్ దాచుకోండి. బుక్ చేశాక కూడా రోజూ ఒకసారి చూస్తూ ఉంటే ఇంకా ముందు తేదీ చిక్కవచ్చు.

ఇంట్లో చేరకముందే నమోదు చేయరు. తేదీ ఎంచుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి.

పట్టుకెళ్లాల్సినవి

నింపిన నమోదు ఫారం, ఓనర్ సంతకం చేసిన పేజీ, అందరి పాస్‌పోర్టులు, అందులోని వీసా. పెళ్లయినవాళ్లు పెళ్లి సర్టిఫికెట్, పిల్లలుంటే జనన ధ్రువీకరణ పత్రాలు, వాటికి జర్మన్ అనువాదాలు. అన్నీ ఒరిజినల్సే. కుటుంబంతో వచ్చినవాళ్లు మొదటిసారి అందరూ కలిసి వెళ్లడమే క్షేమం.

ఫారంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా రాయండి. మనలో చాలామందికి ఇంటిపేరు ఒక సర్టిఫికెట్‌లో పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్టే. ఇవాళ రికార్డులో ఎలా ఎక్కిందో రేపు పన్ను కాగితంలో, ఆరోగ్య బీమాలో, అన్నిట్లోనూ అలాగే వస్తుంది.

మతం గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది ఊరికే అడిగే ప్రశ్న కాదు. కాథలిక్ అనో, ఎవాంగెలిష్ (అంటే ప్రొటెస్టెంట్) అనో రాస్తే బెర్లిన్‌లో మీ ఆదాయపు పన్ను మీద మరో 9 శాతం చర్చి పన్నుగా జీతంలోంచే పోతుంది. జీతం మీద 9 శాతం కాదు, పన్ను మీద. మన ఊళ్లలో చర్చికి ఇచ్చే కానుక ఎవరిష్టం వాళ్లది కాబట్టి, ఈ విషయం ముందే తెలియని తెలుగు క్రైస్తవ కుటుంబాలు మొదటి జీతం స్లిప్ చూసి కంగారుపడతాయి. తప్పు రాయమని నేను చెప్పడం లేదు. తెలిసి రాయండి, అంతే. హిందువులకి, ముస్లింలకి ఈ పన్ను లేదు.

కౌంటర్ దగ్గర

అపాయింట్‌మెంట్‌తో పాటు ఒక నంబరు వస్తుంది. హాల్లో స్క్రీన్ మీద ఆ నంబరు, పక్కన ఏ టేబుల్‌కి వెళ్లాలో కనబడుతుంది. పది నిమిషాల ముందే చేరండి. నంబరు వచ్చినప్పుడు మీరు లేకపోతే ఆ అపాయింట్‌మెంట్ పోయినట్టే. ఆఫీసు భాష జర్మన్. ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, అందుకని జర్మన్ వచ్చిన స్నేహితుల్ని తోడు తీసుకెళ్లండి.

పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ధ్రువపత్రం అక్కడే చేతికిస్తారు. కుర్చీలోంచి లేవకముందే పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఇంటి నంబరు చదువుకోండి. తప్పుంటే అప్పుడే దిద్దించుకోవడం తేలిక.

లెటర్‌బాక్స్ మీద పేరు

ఇది ఏ ఫారంలోనూ రాసి ఉండదు, కానీ నాకు దీని విలువ తెలిసొచ్చింది. మన దగ్గర ఫ్లాట్ నంబరు 302 అంటే చాలు, పోస్ట్‌మ్యాన్ వచ్చేస్తాడు. బెర్లిన్ పాత భవనాల్లో ఫ్లాట్లకి సాధారణంగా నంబర్లుండవు. వీధి వైపు ఒక కట్టడం, లోపల పెరడు, పెరడు దాటితే వెనక ఇంకో కట్టడం, అన్నిటికీ ఒకటే ఇంటి నంబరు. గేటు లోపల వరసగా లెటర్‌బాక్సులు, ఒక్కోదాని మీద ఇంటిపేరు రాసిన చిన్న పట్టీ. ఉత్తరాలు తెచ్చేవాళ్లు చూసేది ఆ పట్టీనే. మీ పేరు లేకపోతే ఉత్తరం వచ్చిన చోటికే తిరిగిపోతుంది.

నేను వచ్చిన కొత్తలో గది ఇచ్చినాయన పేరే బాక్స్ మీద ఉండేది. నా పేరు కూడా పెట్టాలని నాకు తట్టలేదు. నమోదు అయ్యాక పదకొండంకెల పన్ను నంబరు పోస్టులోనే వస్తుంది, మామూలుగా రెండు మూడు వారాల్లో. నాది రాలేదు, తిరిగిపోయింది. మళ్లీ పంపమని కేంద్ర పన్ను కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నాను. దానికి జవాబు కూడా పోస్టులోనే పంపుతారు, ఫోన్‌లోనో మెయిల్‌లోనో నంబరు చెప్పరు. ఈలోపు మొదటి జీతం ఆరో పన్ను తరగతి కింద, అంటే అన్నిటికంటే ఎక్కువ కోతతో వచ్చింది. ఆ డబ్బు తర్వాత సర్దుబాటైంది గానీ, డిపాజిట్, మొదటి అద్దె కట్టి చెయ్యి ఖాళీ అయిన నెలలో ఆ లోటు ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది. ఇంట్లో చేరిన రోజే తెల్లకాగితం ముక్క మీద పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు రాసి, టేపుతో అతికించండి. బెల్ పక్కన కూడా.

ఆ తర్వాత

నమోదైన కొన్ని వారాలకి రేడియో, టీవీ రుసుము కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. టీవీ లేకపోయినా కట్టాలి, ఇంటికి నెలకి 18.36 యూరోలు. మనిషికి కాదు, ఇంటికి. మీ ఫ్లాట్‌లో ఇంకెవరైనా ఇప్పటికే కడుతుంటే వాళ్ల రుసుము ఖాతా నంబరు రాసి పంపితే సరిపోతుంది. ఉత్తరాన్ని పక్కన పడేస్తే బాకీ పేరుకుపోతుంది.

రెసిడెన్స్ పర్మిట్ వేరే ఆఫీసు పని. బెర్లిన్‌లో దాన్ని చూసేది లాండెసామ్ట్ ఫ్యూర్ ఐన్‌వాండెరుంగ్, అంటే ఇమ్మిగ్రేషన్ ఆఫీసు. వీసా గడువు ముగియకముందే అక్కడ దరఖాస్తు పడాలి, కాబట్టి నమోదు కాగితం చేతికొచ్చిన వారంలోనే దాని పని మొదలుపెట్టండి.

ఇల్లు మారితే బెర్లిన్‌లోపలే అయినా మళ్లీ రెండు వారాల్లో కొత్త చిరునామా నమోదు చేయించాలి. పాతది రద్దు చేయించక్కర్లేదు, దానంతటదే పోతుంది. జర్మనీ వదిలి వెళ్లిపోయేటప్పుడు మాత్రం అబ్మెల్డుంగ్, అంటే నమోదు రద్దు, చేయించుకోవాలి. వెళ్లడానికి వారం ముందు నుంచి, వెళ్లిన రెండు వారాల దాకా దానికి గడువు ఉంటుంది.