ఇంటిల్లిపాదికీ నచ్చే దెయ్యం కామెడీ ఎంచుకోవడం ఎలా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. శనివారం రాత్రి తొమ్మిదిమందిమి ఒకే టీవీ ముందు కూర్చుంటాం. సినిమా ఎంచే పని నాది.

ట్రైలర్ నమ్మకండి. మొదటి పదిహేను నిమిషాలు ముందే ఒక్కరే కూర్చుని చూడండి. దెయ్యం రాకముందే ఆ ఊరూ, ఆ మనుషులూ నచ్చాలి. 2025లో వచ్చిన ‘శుభం’ అందుకే నాకు చాలా ఇష్టం. సీరియల్ టైముకి భార్యలు దెయ్యం పట్టినట్టు మారిపోతారు, భర్తలు బిక్కచచ్చిపోతారు. నవ్వంతా ఆ ఇళ్లలోంచే పుడుతుంది.

తర్వాత, ఆ భయం మనకు తెలిసినదేనా అని చూడండి. 2018 హిందీ సినిమా ‘స్త్రీ’లో దెయ్యం రాకుండా గోడల మీద ‘ఓ స్త్రీ, రేపు రా’ అని రాస్తారు. ఆ సీన్ రాగానే మా పెద్దమ్మ రిమోట్ లాక్కుని ఆపేసింది. పాతపట్నంలో ఉన్నప్పుడు తనూ బొగ్గుతో తలుపు మీద అచ్చం అదే రాసిందట! అక్షరాలు వంకరపోతే చెరిపి మళ్లీ రాసిందట. అరగంట సినిమా లేదు, ఆవిడ కబుర్లే. అలాంటప్పుడు తొందరపెట్టకండి, చెప్పనివ్వండి.

పసిపిల్లలుంటే 2024 నాటి ‘ముంజ్యా’ వద్దు. అందులో దెయ్యం ఒక చిన్న కుర్రాడే. మా చిన్నాడు ఆ రాత్రంతా నన్ను వదల్లేదు.

డబ్బింగ్ కన్నా అసలు భాషే మేలు. మా వైపు హిందీ అందరికీ అర్థమవుతుంది. అర్థంకాని మాట పక్కనున్నవాళ్లు చెబుతారు.

వరండాలో లైటు మాత్రం వేసే ఉంచండి.