బేస్ ఇయర్‌ఫోన్‌లో బేస్ రావట్లేదా? ఎక్కడ పోతోందో, ఎలా రప్పించాలో

బేస్ (లోతైన, బరువైన మోత) ఎక్కువని కొన్న ఇయర్‌ఫోన్‌లో డప్పు రేకుడబ్బాలా మోగితే వెంటనే షాపుకి పరిగెత్తకండి. చాలాసార్లు లోపం ఇయర్‌ఫోన్‌లో ఉండదు. అది చెవిలో కూర్చున్న తీరులో ఉంటుంది.

పరీక్షకి తప్పెటగుళ్ల రికార్డింగ్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఛాతీ మీది తప్పెట దెబ్బ, కాలి గజ్జెల సవ్వడి ఒకేసారి నడుస్తాయి. దెబ్బ గుండెకి తగులుతూనే గజ్జెలు విడివిడిగా వినిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. మృదంగం కచేరీ ఉంటే ఇంకా మంచిది. ఎడమవైపు తొప్పి నాదం ఎంత లోతుగా వస్తోందో చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

సమస్య: బేస్ లేదు, పాటంతా సన్నగా ఉంది

కారణం గాలి సందు. రబ్బరు టిప్పుకీ చెవి రంధ్రానికీ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉన్నా ముందుగా కారిపోయేది బేసే. పై శబ్దాలు మాత్రం మామూలుగానే వస్తాయి, అందుకే ఇయర్‌ఫోన్ చెడ్డదనిపిస్తుంది.

పాట నడుస్తుండగా రెండు వైపులా వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే సందు ఉన్నట్టే. రెండో పరీక్ష: పాట ఆపి, నోరు మూసుకుని "ఊఁ" అనండి. మీ గొంతు బుర్రలో గుయ్యిమని మోగాలి. ఒక చెవిలోనే మోగితే రెండో వైపు టిప్పు సరిపోలేదు.

పెట్టుకునేటప్పుడు ఎదుటి చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి. ఇయర్‌ఫోన్‌ని కొద్దిగా తిప్పుతూ లోపలికి పెట్టి, అప్పుడు చెవిని వదలండి. అప్పటికీ సందుంటే పెద్ద సైజు టిప్పు వేయండి. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు కాబట్టి కుడికి పెద్దది, ఎడమకి మధ్యది వేసుకున్నా తప్పులేదు. రబ్బరు ఏదీ కుదరకపోతే ఫోమ్ టిప్పులు తీసుకోండి. వేళ్లతో నలిపి పెట్టి, అవి ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. ఈ దశ దాటకుండా, లోతైన శబ్దాల్నీ పై శబ్దాల్నీ విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ జోలికి వెళ్లొద్దు. సందుండగా ఎంత పెంచినా ఆ బేస్ బయటికే పోతుంది.

సమస్య: బేస్ ఉంది, కానీ గొంతుని మింగేస్తోంది

ఇక్కడ అందరూ చేసే పొరపాటు గొంతు కోసం వాల్యూమ్ పెంచడం. మోత లోతైన బేస్‌ది కాదు, 200 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర పేరుకున్న ఉబ్బుది. దాన్ని తగ్గించాలి. చాలా ఫోన్లలో ఈక్వలైజర్ 60, 230, 910, 3600, 14000 హెర్ట్జ్ అని ఐదు మీటలతో ఉంటుంది. 230ని 3 డెసిబెల్స్ తగ్గించండి, 3600ని 1 పెంచండి, మిగతావి సున్నా దగ్గరే ఉంచండి. డప్పు దెబ్బ ఇంకా తగలాలంటే 60 దగ్గర 2 లేదా 3 కలపండి, అంతకుమించి వద్దు.

సమస్య: బేస్ పెంచితే గరగర

ఫోన్ సెట్టింగ్స్‌లో ఒక బేస్ బూస్ట్, పాటల యాప్‌లో ఇంకొకటి, ఇయర్‌ఫోన్ యాప్‌లో మూడోది పెట్టేసి ఉంటారు. అన్నీ కలిసి సిగ్నల్‌ని పరిమితి దాటిస్తే అలల తలలు తెగిపోతాయి, ఆ తెగిన శబ్దమే గరగర. అన్నీ ఆపేసి ఒక్కటే ఉంచండి. ప్రీయాంప్ మీట (మొత్తం సిగ్నల్‌ని ఒకేసారి పెంచి తగ్గించేది) ఉంటే, ఎక్కువగా పెంచిన మీటని ఎంత పెంచారో దీన్ని అంత తగ్గించండి: 60 దగ్గర 3 కలిపితే ప్రీయాంప్ మైనస్ 3.

చెవిలో పెట్టేటప్పుడు మాత్రమే "టిక్" అంటే అది గరగర కాదు. లోపల గాలి నొక్కుకుని, శబ్దం పుట్టించే పలుచని పొర వంగుతోంది. నెమ్మదిగా పెట్టండి. ఇయర్‌ఫోన్ ఒంటి మీది చిన్న గాలి రంధ్రాన్ని వేలితో మూయొద్దు.

సమస్య: సంగీతం వస్తోంది, పాడేవాళ్ల గొంతు లేదు

3.5 మి.మీ. ప్లగ్ చివరిదాకా దిగలేదు. గ్రౌండ్ (రెండు చెవులకీ ఉమ్మడి తీగ) తగలకపోతే రెండు చెవుల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది, రెండింటిలో సమంగా ఉండే గొంతు మాయమవుతుంది. మందపాటి కవర్ తీసి మళ్లీ పెట్టండి. ఇంకా దిగకపోతే సాకెట్‌లో జేబు దూది ఉంటుంది. ఫోన్ ఆపేసి చెక్క పుల్లతో తీయండి, పిన్నీసు వాడొద్దు.

దీనికి దగ్గరి బంధువు ఇంకొకటి ఉంది. వైరు విడదీసే రకంలో ఒక వైపు రెండు పిన్నులు తిరగేసి పెడితే బేస్ తేలిపోతుంది, గొంతు తల మధ్యలో నిలవదు. ఆ ఒక్క వైపు పిన్నుల్ని తిప్పి పెడితే చాలు.

సమస్య: ఒక వైపు తగ్గిపోయింది

ముందు ఫోన్‌లో ఎడమ-కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూడండి. ఉంటే, టిప్పు తీసి జాలీ చూడండి: గులిమి ఉంటుంది. జాలీని నేల వైపు వంచి, పొడి మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. పైకి పెట్టి రుద్దితే మురికి లోపలికి దిగుతుంది. రబ్బరు టిప్పుల్ని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే తొడగాలి. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పు తేమ ఉంటుంది కాబట్టి రాత్రిపూట గట్టి మూత ఉన్న డబ్బాలో ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఎండలో పెట్టొద్దు.

సమస్య: రైలెక్కితే బేస్ పోతుంది

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చక్రాల హోరు బేస్ ఉన్న చోటే ఉంటుంది, కప్పేస్తుంది. వాల్యూమ్ పెంచడం పరిష్కారం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, 90 దగ్గర 4 గంటలే. హోరుని బయటే ఆపే ఫోమ్ టిప్పులు పెట్టుకోండి.

సమస్య: ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టుండి పాత ఫోన్‌కాల్‌లా

బ్లూటూత్‌లో మైక్ తెరుచుకుంది, శబ్దం కాల్ మోడ్‌కి పడిపోయింది. సౌండ్ సెట్టింగ్స్‌లో అదే పేరుతో "స్టీరియో" అని ఉంటే దాన్ని ఎంచుకుని, మైక్ వాడుతున్న యాప్ మూసేయండి.

కొనబోయేవాళ్లకి

విజయనగరం మూడులాంతర్ల దగ్గరో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో షాపు బయట నిలబడి వింటే ట్రాఫిక్ మోత బేస్‌ని దాచేస్తుంది, లోపలికి వెళ్లి వినండి. పెట్టె మీద 14 మి.మీ. డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే భాగం) అని రాసినంత మాత్రాన బేస్ బాగుంటుందని కాదు. చెవిలో సరిగా కూర్చున్న 10 మి.మీ. డ్రైవర్ దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. టిప్పులు కనీసం మూడు సైజులు ఇస్తున్నారో లేదో అడగండి. వైరు రకమైతే 16 నుంచి 32 ఓమ్స్ (కరెంటుకి అడ్డు కొలత) మధ్యది ఫోన్‌కి హాయిగా సరిపోతుంది. టైప్-సి అడాప్టర్ కొంటుంటే డాక్ చిప్ (డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్ పలికే సిగ్నల్‌గా మార్చేది) ఉన్నదే తీసుకోండి. చిప్ లేనిది కొన్ని ఫోన్లలో అసలు పలకదు.