కల అని తెలియగానే మెలకువ వచ్చేస్తోందా? నా అనుభవం

"ఇది కలే" అని కలలోనే తెలిసిపోవడం నాకు నెలకు ఒకటి రెండుసార్లు జరుగుతుంది. తెలిసిన మరుక్షణం ఆనందం పట్టలేక గుండె దడదడలాడేది, చుట్టూ రంగులు వెలిసిపోయి మెలకువ వచ్చేసేది. వెంటనే ఎగరబోవడం, కళ్లు గట్టిగా మూసుకోవడం, "ఆగు" అని అరవడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి ఫలించింది ఇది. ఐదు గంటలు నిద్రపోయాక అలారంతో లేచి, పది నిమిషాలు కూర్చుని మళ్లీ పడుకున్నాను. కలలు వచ్చే రెమ్ నిద్ర తెల్లవారుజామునే ఎక్కువసేపు ఉంటుంది కదా! కల అని తెలియగానే ఎక్కడికీ పరుగెత్తకుండా నిలబడి, అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకున్నాను. వేడి తగిలింది! మసకబారుతున్న దృశ్యం తేటపడింది. ఆ తర్వాత పక్కనున్న గోడ తడిమాను. పెచ్చులూడిన సున్నం గరుకుగా తగిలి, గోటి కింద పొడి కూడా ఇరుక్కుంది. ఆ పొడిని చూస్తూ, నా నిజం చేతులు మంచం మీద దుప్పటి కింద ఉన్నాయంటే నేనే నమ్మలేకపోయాను.

ఇప్పటికి నాలుగుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు కల నిలిచింది. చేతులు రుద్దడం వల్లో, కంగారు పడకపోవడం వల్లో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. ఇలా కలలోనే కల అని తెలియడాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటారు; ఈ రంగంలో పేరున్న పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్ కలలో గిరగిరా తిరగమని కూడా చెప్పారు. నాకైతే అది అచ్చిరాలేదు, మీకు కుదరొచ్చు. మర్నాడు పొద్దున్నే పనుంటే మాత్రం ఆ అలారం జోలికి పోకండి, రోజంతా ఆవులింతలే.